పక్క సీటు

బుధవారం పొద్దున్న పదిన్నరకి సన్యాసిరాజు ఒక ఆవును చంపేశాడు. అది ఎవరి దొడ్లోనూ పుట్టని ఆవు, ఏనాడూ గడ్డి మేయని ఆవు. అయినా చంపాడు. అదీ ఎక్కడో కాదు, మద్దిలపాలెంలో తన సొంత ఫ్లాటులో, ముందుగదిలో, లుంగీ కట్టుకుని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని మరీ చంపాడు.

ఎదురుగా కంప్యూటర్ తెర మీద ఎర్రటి అక్షరాలు పడ్డాయి. పక్కన కూర్చుని మునక్కాడలు కోస్తున్న ఆయన భార్య సూర్యకళ కళ్ళజోడు సర్దుకుని వాటిని పైకి చదివింది.

"రెడ్ సిగ్నల్ దాటారు. పశువును ఢీకొన్నారు. డ్రైవర్‌ను విధుల నుంచి తొలగించడమైనది." చదవడం అయ్యాక మొగుడి వైపు తిరిగింది. "ఓలమ్మో! ఆవుని సంపీసినావేటి? అదీ మన ఆవుని?"

"నువ్వు కాసేపు నోరు ముయ్యి," అన్నాడు సన్యాసిరాజు. అంతకన్నా మంచి జవాబు ఆయనకి తోచలేదు.

పాపం, తోచదు కూడా. ఆయన ముప్పై ఆరేళ్ళు రైలింజను నడిపినవాడు. కొండల అవతలి గనుల నుంచి ఇనుపరాయి నింపుకుని, అరకు ఘాట్ దిగి, వైజాగ్ పోర్టుకి వచ్చే గూడ్సు బండ్లు ఆయనవి. అంత బరువు బండిని కొండ మీద నుంచి దింపడమంటే నడపడం కాదు, దారి పొడుగునా ఆపుకుంటూ రావడం. అలాంటి పనిలో ముప్పై ఆరేళ్ళూ ఒక్కసారైనా ఎర్ర సిగ్నల్ దాటలేదని మూడేళ్ళ కిందట రిటైరైన రోజున ఒక షీల్డు ఇచ్చారు. అది టీవీ పక్కన ఉంటుంది. ఇంటికి ఎవరొచ్చినా మంచినీళ్ళ కంటే ముందు దాన్నే చూపిస్తాడు. ఇప్పుడు ఆ షీల్డుకి నాలుగడుగుల దూరంలో, అదే పేరు మీద, ఎర్రటి అక్షరాలతో తొలగింపు ఉత్తర్వు.

ఆ ఆట చేసింది పరాయివాళ్ళు కాదు, సన్యాసిరాజు తమ్ముడి కూతురు యశస్విని. రుషికొండలో ఏదో కంప్యూటర్ ఆఫీసులో ఉద్యోగం చేస్తూ, సెలవురోజులన్నీ ధారపోసి, ఇద్దరు స్నేహితులతో కలిసి మూడేళ్ళు కూర్చుని తయారుచేసింది. పేరు 'ఘాట్ సెక్షన్'. బటన్ నొక్కగానే జుయ్యిమని దూసుకుపోయే పిల్లల ఆట కాదది. ప్రతి సొరంగమూ, ప్రతి మలుపూ ఉన్నచోటే ఉంటాయి. వాన పడితే పట్టా జారుతుంది. గాలి బ్రేకు వేస్తే దాని ఒత్తిడి చివరి వ్యాగన్ దాకా పాకడానికి ఎంతసేపు పడుతుందో అంతసేపూ పడుతుంది. చెక్కబల్ల ఒకటి చేయించి దానికి ఇంజన్‌లో ఉన్నట్టే హ్యాండిళ్ళు కూడా బిగించింది ఆ పిల్ల. ఇదంతా పెదనాన్నని అడిగి, విసిగించి, మళ్ళీ అడిగి తెలుసుకున్నదే. అందుకే ఆట మొదట్లో 'మార్గదర్శి: సన్యాసిరాజు' అని వస్తుంది.

ఆవు కూడా అలా వచ్చిందే. పాతికేళ్ళ కిందట ఘాట్ మీద ఒక చిన్న స్టేషన్ దగ్గర, పొగమంచులో, పట్టాల మీద నిలబడ్డ ఆవును చూసి సన్యాసిరాజు చిటికెలో బ్రేకు వేసి దాని ప్రాణం కాపాడాడు. ఈ కథ మద్దిలపాలెంలో సగం మందికి తెలుసు. మిగతా సగం మందికి తెలియకపోతే అది సూర్యకళ తప్పు కాదు. ఆ ఆవు పేరు చెప్పుకుని ఆవిడ పాతికేళ్ళుగా ప్రతి శుక్రవారం వీధిలో ఏ ఆవు కనపడితే ఆ ఆవుకి ఒక అరటిపండు పెడుతోంది. యశస్విని కూడా ముచ్చటపడి, ఆటలో సరిగ్గా అదే స్టేషన్ దగ్గర, ఎర్ర సిగ్నల్ దాటగానే, ఒక తెల్లావును నిలబెట్టింది. పెదనాన్న బండి ఆపితే అది తల ఊపి పక్కకి వెళ్ళిపోతుంది. ఆపకపోతే ఏమవుతుందో చూశాం కదా.

సాయంత్రం యశస్విని వచ్చింది. పెద్దమ్మ చెప్పింది విని, నవ్వు ఆపుకోలేక సోఫాలో కూలబడింది.

"అలాగెలా అయింది పెదనాన్నా? ముందే యెల్లో కనపడింది కదా?"

"కనపడకేటి? కనపడింది. యెల్లో అని అరిసినాను కూడా."

"మరి బ్రేకు ఎయ్యలేదేటి?"

సన్యాసిరాజు గోడ వైపు చూశాడు. "రిప్లై రాలేదు," అన్నాడు.

ఇంజన్‌లో డ్రైవర్ ఎడమవైపు, అసిస్టెంట్ కుడివైపు కూర్చుంటారు. సిగ్నల్ కనపడగానే డ్రైవర్ చెయ్యెత్తి దాని రంగు పైకి అంటాడు. అసిస్టెంట్ కూడా చూసి, తనూ చెయ్యెత్తి అదే రంగు తిరిగి అంటాడు. ఇది రైల్వే పెట్టిన రూలు. ముప్పై ఆరేళ్ళు అయ్యేసరికి సన్యాసిరాజు ఒంట్లో అది రూలుగా లేదు, రక్తంలో కలిసిపోయింది. తను అనాలి, పక్కనుంచి మాట రావాలి, అప్పుడే చెయ్యి బ్రేకు మీదికి పోవాలి. పొద్దున్న కూడా "యెల్లో!" అన్నాడు, అంటే ముందు రెడ్ ఉంది, బండి ఆపుకోవాలని. మాట రాలేదు. ఏమైందా అని కుడివైపు తిరిగి చూశాడు. అక్కడ మునక్కాడలు కనిపించాయి. తిరిగి తెర వైపు చూసేసరికి ఆవు కాళ్ళు పైకి ఉన్నాయి.

"గేమ్‌లో అసిస్టెంట్ ఉండడు పెదనాన్నా. ఒక్కరే ఆడాలి."

"రాళ్ళు పెట్టినావు, తుప్పలు పెట్టినావు, స్టేషన్‌లో సింతచెట్టు కూడా పెట్టినావు. పక్కసీట్లో మనిషిని పెట్టడం మర్సిపోనావేటే?"

యశస్విని నవ్వు ఆగిపోయింది. ఆదివారం సంగతి గుర్తొచ్చింది. ఆ రోజు పొద్దున్న రిటైరైన డ్రైవర్ల సంఘం సమావేశం. అందరి ముందూ పెద్ద తెర మీద పెదనాన్న ఆ బండి నడపాలి. ఘాట్ మీద నెత్తురు చెమటగా మార్చిన డెబ్బైమంది చూసి "ఇదిరా నిజం" అంటేనే ఆటని బయటికి వదులుతానని ఆ పిల్ల పంతం పట్టింది. ఇక సన్యాసిరాజు సంగతి చెప్పనక్కర్లేదు. ఆ డెబ్బైమందికీ ఫోన్లు చేసి మరీ పిలిచాడు. వాళ్ళ కళ్ళముందు తను ఎర్ర సిగ్నల్ దాటితే, ఆటలోనైనా సరే, షీల్డు అటక ఎక్కాల్సిందే.

గురువారం నాడు పక్కసీట్లో సూర్యకళని కూర్చోబెట్టాడు. ఆవిడ చిక్కుడుకాయలు తెచ్చుకుని కూర్చుంది.

"యెల్లో!" అన్నాడు సన్యాసిరాజు.

"ఆఁ ఆఁ, యెల్లోనే."

"నువ్వు సూడనేదు!"

"నువ్వు సూసినావు కదేటి. నలబై ఏళ్ళ బట్టీ నువ్వు ఏటంటే నాను అదే అంటన్నాను. ఇప్పుడు కొత్తగా సూడాలా?"

చెయ్యి కదల్లేదు. ఆవు చచ్చింది.

శుక్రవారం యశస్విని తన గొంతుతోనే "యెల్లో", "రెడ్", "గ్రీన్" అని రికార్డు చేసి ఆటలో పెట్టింది. పెదనాన్న అనగానే కంప్యూటర్ తిరిగి అంటుంది. అది కూడా కుదరలేదు. సన్యాసిరాజు పరీక్ష కోసం కావాలని ఎర్ర సిగ్నల్ చూసి "గ్రీన్!" అన్నాడు. కంప్యూటర్ కోకిలలా "గ్రీన్" అంది. "సూసినావా? ఇది మీ పెద్దమ్మ కన్నా అన్యాయం," అని హ్యాండిల్ వదిలేశాడు. ఆవు మూడోసారి చచ్చింది. ఆ సాయంత్రం సూర్యకళ వీధిలో ఆవుకి ఒకటి కాదు, మూడు అరటిపళ్ళు పెట్టి వచ్చింది.

పక్కసీట్లో ఎవరు కూర్చుంటే చెయ్యి కదులుతుందో సన్యాసిరాజుకి బుధవారమే తెలుసు. తెలిసే మూడు రోజులు ఆ పేరు ఎత్తకుండా తిరిగాడు. శనివారం పొద్దున్న ఇక తప్పక, ఇస్త్రీ చొక్కా వేసుకుని, మల్కాపురం బస్సు ఎక్కాడు.

బస్సు పోర్టు రోడ్డు మీద లారీల వెనక నత్తనడక నడుస్తుంటే ఆయనకి ఆలోచించుకోవడానికి కావలసినంత టైము దొరికింది. అదే వచ్చిన చిక్కు. బెన్సన్ ఆయనకి ఆరేళ్ళు అసిస్టెంట్‌గా పనిచేసినవాడు. తర్వాత తనూ డ్రైవరై, నిరుడు రిటైరయ్యాడు. ఒకే క్యాబిన్‌లో ఆరేళ్ళు, ఒకే క్యారేజీలో అన్నం, ఒకరినొకరు బావా అంటే బావా. అలాంటి బెన్సన్ మూడేళ్ళుగా సన్యాసిరాజుతో మాట్లాడటం లేదు. రిటైర్మెంట్ ఫంక్షన్‌లో సన్యాసిరాజు మైకు పట్టుకుని ఆవు కథ చెబుతుండగా బెన్సన్ లేచి, బిర్యానీ ముట్టకుండా బయటికి వెళ్ళిపోయాడు.

ఎందుకంటే ఆవు లేదు.

ఆ రోజు పొద్దున్న ఎనిమిదింటికి పొగమంచు నిజం. ఎర్ర సిగ్నల్ నిజం. తొమ్మిది గంటల డ్యూటీ తర్వాత సన్యాసిరాజు కళ్ళు తెరుచుకునే కునికాడు, అదీ నిజం. నెలరోజులుగా ఆ స్టేషన్‌లో ఎప్పుడొచ్చినా గ్రీనే ఉండేది. అలవాటు కొద్దీ చూడకుండానే "గ్రీన్" అన్నాడు. బెన్సన్ చూశాడు. "యెల్లో బావా!" అని అరిచాడు. సన్యాసిరాజు కదల్లేదు. ఇంకోసారి అరిచి, ఇక లాభం లేదని తన వైపున్న ఎమర్జెన్సీ బ్రేకు లాగేశాడు. బండి ఎర్ర సిగ్నల్‌కి ఇవతల, కొబ్బరిమట్టంత దూరంలో ఆగింది. వెనకనుంచి గార్డు ఏమైందని అడిగితే "ఆవు అడ్డం వచ్చింది" అన్నది కూడా బెన్సనే. బావ ఉద్యోగం నిలబెట్టడానికి ఒక ఆవును కల్పించాడు. ఆ ఆవును సన్యాసిరాజు పాతికేళ్ళు మేపి మేపి, చివరికి మైకు ముందు తనే కాపాడినట్టు నిలబెట్టాడు.

సిగ్గేసింది. బస్సులో టికెట్ చేతిలో నలిపి నలిపి ఉండ చేసేశాడు.

బెన్సన్ ఇంటి అరుగు మీద కూర్చుని వల బాగుచేసుకుంటున్నాడు. రిటైరయ్యాక చేపలు పట్టడం మొదలెట్టాడని ఊళ్ళో అనుకోవడం సన్యాసిరాజు విన్నాడు. సన్యాసిరాజుని చూసి లేవలేదు, పొమ్మనీ అనలేదు.

"సేపలు పడతన్నాయేటి బావా?" అన్నాడు సన్యాసిరాజు.

"పడతన్నాయి. అబద్ధాలాడవు కాబట్టి నాకు నచ్చినాయి."

సన్యాసిరాజు కూర్చోలేదు. నిలబడే వచ్చిన పని చెప్పాడు. ఆట గురించి, ఆదివారం గురించి, పక్కసీటు గురించి. క్షమించమని అడగాలని బస్సులో నాలుగుసార్లు అనుకున్న మాట మాత్రం నోటి దాకా వచ్చి వెనక్కి పోయింది.

అంతా విని బెన్సన్ దారం కొరికి ముడి వేశాడు. "సరే. వత్తాను," అని నవ్వాడు.

అంత తేలిగ్గా ఒప్పుకోవడం చూసి సన్యాసిరాజుకి సంతోషం కలగాలి. కలగలేదు, భయం వేసింది. ఆరేళ్ళు పక్కన కూర్చున్నవాడి నవ్వు ఎలాంటిదో ఆయనకి తెలియదా?

ఆదివారం హాలు నిండింది. తెల్లజుట్లు, వినికిడి మిషన్లు, కొత్త చొక్కాలు. సూర్యకళ అందరికీ పంచడానికి సంచిలో ఆరు హస్తాల అరటిపళ్ళు తెచ్చి ముందువరసలో కూర్చుంది. చెక్కబల్ల ముందు రెండు కుర్చీలు వేశారు. ఎడమ కుర్చీలో సన్యాసిరాజు, కుడి కుర్చీలో బెన్సన్. యశస్విని గోడకి ఆనుకుని గోళ్ళు కొరుక్కుంటోంది.

బండి కదిలింది. మొదటి సొరంగం రాగానే వెనకనుంచి "హార్న్, హార్న్!" అని పదిమంది ఒకేసారి అరిచారు. సన్యాసిరాజు కొట్టాడు. హాలు ఈలలు వేసింది. సొరంగం దాటగానే సిగ్నల్.

"గ్రీన్!" సన్యాసిరాజు చెయ్యెత్తాడు.

"గ్రీన్!" అన్నాడు బెన్సన్, తనూ చెయ్యెత్తి.

ఆ ఒక్క మాటతో సన్యాసిరాజు వీపులోంచి మూడేళ్ళ బిగువు జారిపోయింది. తర్వాత పావుగంట వాళ్ళిద్దరూ నడిపిన తీరు చూసి వెనక ఎవరూ దగ్గను కూడా లేదు. ఎక్కడ గాలి వదలాలో, ఎక్కడ పట్టుకోవాలో, ఏ మలుపులో బండి తోస్తుందో, ఆట తప్పట్లేదు, వాళ్ళూ తప్పట్లేదు. యశస్విని గోళ్ళు కొరకడం మానేసింది.

అప్పుడు పొగమంచు వచ్చింది. ఆ స్టేషన్ వచ్చింది.

"యెల్లో!" అన్నాడు సన్యాసిరాజు.

జవాబు లేదు.

కుడివైపు తిరిగాడు. బెన్సన్ చేతులు కట్టుకుని, మెడ చాచి తెర వైపు చూస్తున్నాడు. మంచులో, దూరంగా, ఎర్రదీపం వెనక తెల్లగా ఏదో నిలబడి ఉంది.

"అదేటి బావా?" అన్నాడు బెన్సన్ మెల్లిగా.

"రిప్లై ఇయ్యి."

"ఆవులాగుందే! ఓరి నాయనో, నాను పుట్టించిన ఆవు ఎంతైపోనాదో! సినిమాలోకి కూడా వచ్చీసింది."

"బెన్సనూ, బండి పోతంది. రిప్లై ఇయ్యరా!"

"నా సీట్లోంచి ఆవు తప్ప ఏటీ కనపడ్డం లేదు బావా. ఆవు కోసం నువ్వే ఎయ్యి బ్రేకు. ఎప్పుడూ నువ్వే కదేటి ఏసింది?"

తెర మూలన అంకెలు తరుగుతున్నాయి. సిగ్నల్‌కి ఏడువందల మీటర్లు. ఆరువందల యాభై. చెయ్యి బ్రేకు మీదే ఉంది, రాయిలా ఉంది. వెనక హాల్లో గుసగుసలు మొదలయ్యాయి. "ఎయ్యడేటి?" అంటున్నారు ఎవరో. ఆరువందలు. యశస్విని "పెదనాన్నా!" అంది. ఆ పిల్ల మూడేళ్ళ కష్టం, తన ముప్పై ఆరేళ్ళ షీల్డు, రెండూ కలిసి కొండ దిగుతున్నాయి.

సన్యాసిరాజు తెర మీద నుంచి కళ్ళు తిప్పకుండానే గొంతెత్తాడు.

"ఆవు లేదు!"

ముందువరసలో సూర్యకళ తలెత్తింది.

"ఆ రోజు ఆవూ లేదు, గీవూ లేదు! నాను కునికీసినాను. సూడకుండా గ్రీన్ అనీసినాను. బ్రేకు లాగింది ఈడు! నా ఉద్యోగం నిలబెట్టింది ఈడు! ఆ షీల్డు సగం కాదు, మొత్తం ఈడిదే! మూడేళ్ళు ఈడు లేక నాకు ముద్ద దిగలేదు. సాలా? ఇప్పుడైనా సెప్పరా!"

బెన్సన్ చెయ్యి లేచింది.

"యెల్లో!"

సన్యాసిరాజు చెయ్యి దానంతటదే కదిలింది. గాలి బుస్సుమంది. వ్యాగన్లు ఒకదాన్నొకటి తోసుకుంటూ కిర్రుమన్నాయి. మూడువందలు. నూట యాభై. అరవై. ముప్పై. ఎర్రదీపానికి ఇవతల, పన్నెండు మీటర్ల దూరంలో బండి నిలిచింది. ఆవు తల ఊపి, తోక విసిరి, పక్కనున్న తుప్పల్లోకి వెళ్ళిపోయింది.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. సన్యాసిరాజుకి వెనక్కి తిరిగే ధైర్యం లేకపోయింది. చెవులు కాలిపోతున్నాయి. అయినా గుండె మాత్రం ఎన్నడూ లేనంత తేలికగా ఉంది.

చివరికి వెనకవరసలోంచి ఒక ముసలి డ్రైవర్ గొంతు సవరించుకున్నాడు. "మాది గేది," అన్నాడు.

"మాది గొర్రెలమంద," అన్నాడు ఇంకొకాయన.

"మా అసిస్టెంట్ ఏకంగా ఏనుగన్నాడు. గార్డు నమ్మీసినాడు కూడా!"

హాలంతా ఒక్కసారి పగలబడింది. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంటూ ఒక్కొక్కరూ పక్కకి తిరిగి, ఎప్పుడో తమ పక్కసీట్లో కూర్చున్నవాడి పేరు చెప్పుకోవడం మొదలెట్టారు. కొందరు అక్కడే ఫోన్లు తీశారు. యశస్విని ఏడుస్తూ నవ్వుతోంది. "ఇదిరా నిజం" అని ఎవరూ అనలేదు. ఆ పిల్లకి ఇక అడగాల్సిన అవసరమూ రాలేదు.

సూర్యకళ మాత్రం నవ్వలేదు. లేచి, సంచిలోంచి ఒక అరటిపళ్ళ హస్తం తీసుకుని, మొగుడి వైపు కన్నెత్తి చూడకుండా, నేరుగా బెన్సన్ దగ్గరికి వెళ్ళింది.

"పాతికేళ్ళ బట్టీ నీకు రావలసినయ్యి ఆవులకి పెట్టీసినాను అన్నయ్యా," అంది. "ఈ మడిసి నాకు కూడా సెప్పలేదు. తీసుకో. మిగిలినయ్యి శుక్రవారం శుక్రవారం ఇంటికొచ్చి తిను. అన్నం కూడా తిను."

బెన్సన్ హస్తం ఒళ్ళో పెట్టుకున్నాడు. ఒక పండు ఒలిచి నోట్లో పెట్టుకున్నాడు.

అప్పుడే తెర మీద మంచు విడి, ఎర్రదీపం రంగు మారింది.

"గ్రీన్!" అన్నాడు సన్యాసిరాజు. చెయ్యి హ్యాండిల్ మీద పెట్టుకుని కూర్చున్నాడు. తొందరేమీ లేదు.

నోటి నిండా పండున్నా బెన్సన్ ముందు సిగ్నల్ వైపు చూశాడు. చూసి, చెయ్యెత్తి, మింగి, అప్పుడు అన్నాడు.

"గ్రీన్!"

సన్యాసిరాజు బ్రేకు వదిలాడు.